దెబ్బతిన్న మెదడునకు మరల చదువు

తలకు గట్టి దెబ్బ తగిలినపుడు ఎముక విరుగకున్నను లోపలి మెదడు దెబ్బతినవచ్చును. అట్టివారు కొన్నాళ్లకు లేచి తిరుగుదురు, మాటాడుదురు, చూచువారు కోలుకొనిరనుకొందురు. కాని పొయ్యిమీద పాలు పెట్టి మరచెదరు. ఇద్దరొక్కమారు మాటాడినచో ఏదియు గ్రహింపలేరు. కాలు విరిగినవాని చేతికఱ్ఱ నలుగురకును కనబడును. ఈ లోపము కనబడదు. కావున సోమరులను నిందయు పడవలసివచ్చును.

ఇట్టివారికై కంప్యూటరు అభ్యాసములు కలవు. తెరపై అంకెలు ఒకదాని వెంట ఒకటి కనబడి మాయమగును; వానిని కడనుండి మొదటికి చెప్పవలెను. సరిగా చెప్పినచో ఒక అంకె పెరుగును, తప్పినచో తగ్గును. యంత్రము ఎన్నడును విసుగు చెందదు. ఉపాధ్యాయుడనైన నాకు అసూయ కలిగించు గుణమది!

అయితే చిక్కొకటి కలదు. 2010లో వెలువడిన బ్రిటిషు పరిశోధనలో 11,430 మంది ఆరు వారములు ఇట్టి ఆటలాడిరి. వారు రోగులు కారు. ఆడిన ఆటలందు నేర్పు పెరిగెను. తక్కిన పరీక్షలందు దాని ఫలము కనబడలేదు. ఎక్కములు తడుముకొనక అప్పగించు బాలుడు అంగడిలో చిల్లర లెక్క తప్పుట నేనెన్నిమారులో చూచితిని. 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘము, ఆధారములేని ప్రకటనలు చేసెనని ఆరోపింపగా, లూమోసిటీ ఆటల సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

అందువలన రోగిని తెరముందు ఒంటరిగా కూర్చుండబెట్టరాదని నిపుణులందురు. శిక్షకుడు ప్రక్కనుండి, “అంకెలను ఏ ఉపాయముతో గుర్తుంచుకొంటిరి?” అని అడుగును, ఆ ఉపాయమునే వంటయింటిలో ప్రయోగింపజేయును. పాలు పెట్టగనే గడియారమున గంట అమర్చుకొనుట, చేయవలసిన పనిని పుస్తకమున వ్రాసికొనుట అలవాటు చేయించును. పాలు పొంగకమునుపే పొయ్యి ఆర్పిననాడు ఇంటివారికి తెరమీది లెక్కతో పనియుండదు.