కొవ్వు కరగాలంటే బరువులెందుకు ఎత్తాలి?

తిండి తగ్గిస్తే ఒళ్లు తగ్గుతుంది, నిజమే. కానీ పోయింది కొవ్వో కండో తూకానికి తెలియదు. చాలినంత శక్తి అందనప్పుడు శరీరం కొవ్వు నిల్వలతో పాటు కండలోని ప్రొటీన్‌నూ కొంత విడగొట్టి వాడుకుంటుంది. పనిలేని కండను మేపడం దానికి దండగ మరి! డంబెల్ ఎత్తినప్పుడు కండపోగుల మీద పడే లాగుడుతో వాటిలో ప్రొటీన్ తయారీ ఊపందుకుంటుంది. అందుకు కావలసిన సరుకు మాత్రం పప్పు, గుడ్డు, పెరుగు లాంటి తిండి నుంచే రావాలి.

నడిస్తే చాలదా? 2017లో అమెరికాలో 160 మంది స్థూలకాయులైన వృద్ధులతో చేసిన అధ్యయనం వెలువడింది. తిండి తగ్గించి, ఆరు నెలలు వ్యాయామం చేసిన మూడు జట్లూ బరువులో దాదాపు 9 శాతం తగ్గాయి. అయితే నడక లాంటి ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లలో కొవ్వు కాని దేహభారం 5 శాతం పోతే, బరువులెత్తినవాళ్లలో 2 శాతమే పోయింది. నష్టం పూర్తిగా ఆగలేదు, తగ్గింది. అలాగని నడక వృథా కాదు. రెండూ చేసినవాళ్ల శారీరక సామర్థ్యమే అందరికన్నా ఎక్కువ పెరిగింది. బరువులెత్తితే కండలు పొంగిపోతాయని ఆడపిల్లలు జంకనక్కరలేదు, తక్కువ తింటూ అంత కండ పెంచడం చాలా కష్టం. పొడవు ఆగిపోతుందన్న మాటకూ ఆధారం లేదు. నేర్పేవాళ్లు లేకుండా మోయలేనంత ఎత్తడమే ప్రమాదం. ఎదిగే వయసులో మాత్రం సొంతంగా తిండి మానకండి, ముందు డాక్టరును అడగండి.