పెరటి చేపల కుంట: పొద్దున ఒక పిహెచ్, మధ్యాహ్నం మరొకటి

పుదుచ్చేరి పట్టణంలో పెరట్లో చిన్న కుంట కట్టి చేపలు పెంచేవారు నీటి పిహెచ్‌ను ఒకసారి చూసి ఊరుకుంటే సరిపోదు. పచ్చగా మారిన కుంటలో తెల్లవారుజామున 7.5 ఉన్న పిహెచ్, ఎండకాసిన మధ్యాహ్నానికి 9 దాటవచ్చు. ఇది పరీక్షలో పొరపాటు కాదు.

నీటిలోని సూక్ష్మ నాచు పగలు కిరణజన్య సంయోగక్రియ కోసం కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది. ఈ వాయువు నీటిలో కరిగి ఆమ్లాన్ని ఏర్పరుస్తుంది. అందుకే అది తగ్గేకొద్దీ పిహెచ్ పెరుగుతుంది. రాత్రి నాచు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ శ్వాసిస్తూ ఆ వాయువును మళ్లీ వదులుతాయి. దాంతో పిహెచ్ తగ్గుతుంది.

అసలు ముప్పు అమ్మోనియా

చేపల విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. నీటిలో దీనికి రెండు రూపాలు. అమ్మోనియం అయాన్ వల్ల హాని తక్కువ. అయాన్‌గా మారని అమ్మోనియా మాత్రం మొప్పల గుండా లోపలికి చేరి చేపలను చంపుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద, పిహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పిహెచ్ 8 వద్ద అది సుమారు 6 శాతం, 9 వద్ద దాదాపు 40 శాతం. అంటే ఉదయం సురక్షితంగా ఉన్న నీరే మధ్యాహ్నానికి ప్రాణాంతకం కావచ్చు.

వానాకాలంలో జాగ్రత్త

ఈ హెచ్చుతగ్గులను అదుపులో ఉంచేది నీటి క్షారత, అంటే ప్రధానంగా అందులోని బైకార్బనేట్లు. కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకు 50 నుంచి 150 మిల్లీగ్రాములు ఉంటే మేలు. పుదుచ్చేరికి ప్రధాన వర్షాలు అక్టోబరు-డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాన నీటిలో బైకార్బనేట్లు దాదాపు ఉండవు. డాబా మీది నీటిని నేరుగా కుంటలోకి మళ్లిస్తే క్షారత పలచబడి, పిహెచ్ మరింతగా ఊగుతుంది.

బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే దాన్ని కాస్త ఎత్తు నుంచి ధారగా పడనివ్వాలి. సముద్రతీరం కాబట్టి ఉప్పదనమూ చూసుకోవాలి. కుళాయి నీటిని క్లోరిన్ పోయేలా ఒక రోజు తెరిచిన తొట్టిలో ఉంచాలి.

ఏం చేయాలి?

- పిహెచ్‌ను సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య మరోసారి చూడాలి.
- మధ్యాహ్నం 9 దాటుతుంటే మేత తగ్గించి, కొంత నీరు మార్చాలి. పిహెచ్ దించడానికి ఆమ్లం పోయకూడదు.
- క్షారత తగ్గితే కాల్షియం కార్బనేట్ పొడి వేయాలి. అది నెమ్మదిగా కరుగుతుంది.
- చేపలున్న కుంటలో గోడలకు వేసే సున్నం కలపకూడదు. అది పిహెచ్‌ను ఒక్కసారిగా పెంచేస్తుంది.