కళాజాతయు జ్వరమును: ప్రమాణవిచారము

"ప్రమాణము", "సాక్ష్యము" అను పదములను లోకమున నొక్క యర్థముననే వాడుచున్నారు. వ్యుత్పత్తి చూడ వీనికి భేదము గలదు. సాక్షాత్తుగాఁ జూచినవాఁడు సాక్షి; వాని మాట సాక్ష్యము. దేనిచే యథార్థజ్ఞానము గలుగునో యది ప్రమాణము. చూచినవాఁడు సత్యమే చెప్పవచ్చును. ఐనను వాఁడు చూచినదానికిఁ గారణ మేదో యా మాటవలనఁ దేలకపోవచ్చును. ఆరోగ్యమునకై ప్రజాధనము వెచ్చించువారు దేనిని నమ్మవలెనను వివాద మంతయు నీ భేదముమీఁదనే నిలిచియున్నది.

1897 ఆగస్టు 20వ తేదీని సికింద్రాబాదునందు రొనాల్డు రాస్ దోమకడుపులో మలేరియాక్రిమిని జూచెను. అది ప్రత్యక్షము. దోమకాటుచేతనే రోగము సంక్రమించునని యంతమాత్రమునఁ దేలలేదు. మఱుసటి యేఁట కలకత్తాలో నాతఁడు పక్షులపైఁ జేసిన పరీక్షలును, ఇటలీదేశీయులు మనుష్యులపైఁ జేసినవియుఁ గావలసివచ్చెను. కంటికిఁ గనఁబడిన క్రిమికే యింత విచారణ యగునప్పుడు, ఆటపాటలచే జ్వరములు తగ్గుననువారు మఱి యెంత చూపవలయును?

కళలను వైద్యమునకుఁ దోడుచేయుట యీ కాలపుఁ గల్పన కాదు. చరకసంహిత సూత్రస్థానము 15వ యధ్యాయమున వైద్యశాలకు సమకూర్పవలసినవారిలోఁ బాటలు పాడువారును, వాద్యము లెఱిఁగినవారును, కథలు పురాణములు చెప్పఁగలవారును జేర్పఁబడిరి. దీనిఁ జూపి మనవారికిఁ దెలియనిది లేదని సంతోషించి యూరకుండువారు గలరు. వారు నాలుగధ్యాయములు వెనుకకుఁ బోయిన మేలు. 11వ యధ్యాయమున నా గ్రంథమే పరీక్ష నాలుగు విధములనినది: ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి. అనేకకారణములు గూడి యొక ఫలము గలిగినప్పుడు వాని కూటమి నెఱిఁగించు బుద్ధి యుక్తి. నీరు, దున్నకము, విత్తనము, ఋతువు కలసి పైరగుట దానికి దృష్టాంతము. 2019లోఁ బ్రపంచారోగ్యసంస్థవారి యైరోపా శాఖ కళారోగ్యసంబంధమును గూర్చి 3000కుఁ బైఁబడిన పరిశోధనల సమీక్షను బ్రకటించినది. అది విషయవ్యాప్తిని జూపునది గాని యొక్కొక్క పరిశోధనయొక్క బలమును దూఁచి తేల్చినది కాదు. రాశి పెద్దదైనంతమాత్రమున హేతువు గట్టిపడదు.

మలేరియాకే సంబంధించిన పరీక్ష యొకటి పొరుగున జరిగినది. పాటలతోడను చిన్న నాటకములతోడను ఊరూరఁ దిరుగు బృందమును కళాజాత యందురు. కర్ణాటకమున మలేరియాపీడితమైన యొక మండలమున 2001 డిసెంబరులో రెండు వారములు సాయంకాలములందుఁ గళాజాతలు నడపిరి. రెండు మాసముల పిమ్మటఁ జూచినవారిని, చూడనివారిని వేఱువేఱుగాఁ బ్రశ్నించిరి. నిర్మలజలమున మలేరియాదోమ పెరుగుననియు, దోమపిల్లలను దిను చేఁపలు మేలుచేయుననియుఁ జూచినవారు చక్కగాఁ దెలిసికొనిరని 2006లోఁ బ్రకటితమైన వ్యాసమునఁ గలదు. 2002లో జనులు తోడ్పడి చేఁపలను విడిచిరి, జ్వరములు తగ్గెను. పరిశుభ్రతవిషయమున మాత్రము నడవడి యనుకొన్నంత మాఱలేదని కర్తలే యొప్పుకొనిరి. ఈ యొప్పుకోలే యా వ్యాసమునకు నమ్మకము దెచ్చుచున్నది.

ఇందు మూఁడు ప్రతిజ్ఞలు గలవు: తెలివి పెరిగెను, నడవడి మాఱెను, జ్వరము తగ్గెను. మూఁటికి నొకే బలము లేదు. మొదటిదానికి వ్యతిరేకదృష్టాంతముగాఁ జూడనివారున్నారు. (ఆటకుఁ బోవువారు మొదటినుండియు జిజ్ఞాసువులై యుండవచ్చునను శంక మాత్రము మిగులును.) జ్వరము తగ్గుటకు సన్నిహితకారణము చేఁపలు. కుండకై మట్టి మోసిన గాడిదను నైయాయికులు కారణముగా నొప్పరు, కళాజాతయు నట్టిదేనా? జనుల సమ్మతి లేక చేఁపలు బావిలో నిలువవు గనుకఁ గాదనవచ్చును. కాని యా సమ్మతి యాటవలన వచ్చెనా, అధికారుల రాకపోకలవలన వచ్చెనా యనుట యుక్తికి విడిచిన విషయము.

1948లో బ్రిటనునందు స్ట్రెప్టోమైసిను పరీక్షలో రోగులను యాదృచ్ఛికముగా విభజించి ఫలము తేల్చిరి. అట్టి విభజనము లేనిది ప్రమాణమే కాదనువారు తరువాత బయలుదేఱిరి. ఆ లక్షణమున కవ్యాప్తిదోషము పట్టును. నెల్లూరు మండలమున 1990 తరువాతి యక్షరాస్యతోద్యమములోని కళాజాతలు, వాచకపాఠములు స్త్రీలను సారాదుకాణములపైకి నడపిన కారణములలోఁ జేరును. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపఁబడెను. దీనిఁ జీట్లు వేసి పరీక్షింపఁబూనువాఁ డెవఁడు?

నర్సీపట్నము మైదానమునకు మన్యమునకు నడిమి వాకిలి. ఇచ్చటినుండి చింతపల్లి, గూడెము కొత్తవీధి త్రోవలు కొండ లెక్కును. కర్ణాటకపుఁ బ్రమాణము నీ త్రోవను గొనిపోవలెనన్న సాదృశ్య మెంతయో చూడవలెను. గవయము గోవువంటిదే కాని గోవు గాదు. మన్యమున జ్వరము మోయు దోమలలో ముఖ్యమైన ఫ్లూవియాటిలిస్ జాతి కొండవాఁగుల మెల్లని పాఱునీటఁ బెరుగును; బావిలో నిలుచు చేఁపలు వాఁగున నిలువవు. కావున నిచ్చటి జాత యొప్పింపవలసినవి వేఱు: దోమతెర గట్టుకొనుట, ఇంటిలోపల మందు చల్లనిచ్చుట, జ్వరము సోఁకఁగానే రక్తపరీక్ష చేయించుకొనుట. భాషయు నొక్కటి కాదు. తెలుఁగుతోపాటు ఆదివాసి యొడియా, కువి మాటలాడు గూడెములు గలవు.

ఆట చూచినవారి తలలు లెక్కించుట సులభము. లెక్కింపవలసినవి వానకాలపు రాత్రులఁ దెరక్రింద నిద్రించు తలలు. చీట్లు వేసి కొన్ని యూళ్లకు జాతను ముందుగాను, తక్కినవానికి మఱుసటి యేఁటను బంపినచో నెవరికిని అన్యాయము జరుగదు. ఐతే ఆ నడుమఁ దెరలును, మందులును, రక్తపరీక్షలును రెండు తెగల యూళ్లకును సమముగా నందవలెను. లేనిచోఁ గనఁబడిన భేదము ఆటవలనిదో తెరవలనిదో తెలియదు.