పాత అమెరికా కార్లు: అసలు విడిభాగాన్ని గుర్తించడం ఎలా?

పాత కారును బాగుచేయడం వేరు, పూర్వస్థితికి తేవడం వేరు. బాగుచేసేవారికి బండి నడిస్తే చాలు. పునరుద్ధరించేవారికి ఆ బండి కర్మాగారం గడప దాటిన నాడు ఏయే భాగాలతో ఉన్నదో తెలిసి ఉండాలి. ఈ రెంటికీ మధ్యనున్న అంతరం ఒక్కొక్కప్పుడు ఆస్తి విలువను తారుమారు చేస్తుంది. 2014లో అమెరికాలోని సియాటిల్ వేలంలో 1971 నాటి ప్లిమత్ బరాకుడా కన్వర్టిబుల్ కారు ఒకటి, హెమీ ఇంజనుతో కూడినది, 35 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే ఏడాది, అదే ఆకారంలో, సాధారణ ఇంజనుతో వచ్చిన కారు ఆ ధరలో చిన్న వంతు కూడా పలకదు. పైకి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. మోసానికి తావు దొరికేది అక్కడే. ఆ మోసం నుంచి కాపాడేవి లోహంపై కర్మాగారం వదిలిన అంకెలే.

బండి జాతకం

అమెరికాలో 1981 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ 17 అక్షరాల గుర్తింపు సంఖ్య వచ్చింది. అంతకు ముందు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి. ఉదాహరణకు 1969 షెవర్లే కమారో సంఖ్య 124379ఎన్ అని మొదలైతే, మొదటి 1 షెవర్లేను, 24 ఎనిమిది సిలిండర్ల కమారోను, 37 రెండు తలుపుల కూపేను, 9 మోడల్ సంవత్సరాన్ని, ఎన్ ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ కర్మాగారాన్ని సూచిస్తాయి. 24 స్థానంలో 23 ఉంటే అది ఆరు సిలిండర్ల బండిగా పుట్టినది. ఆపై దానిలో ఎంత పెద్ద ఇంజను బిగించినా జన్మ మారదు.

అయితే ఈ సంఖ్య అన్నింటినీ చెప్పదు. ఆ కమారో ఎస్.ఎస్. రకమా, జెడ్ 28 రకమా అన్నది ఇందులో ఉండదు. షెవెల్ కారు విషయంలో 1966 నుంచి 1968 వరకు ఎస్.ఎస్. 396 రకానికి 138 అనే ప్రత్యేక శ్రేణి ఉండేది. 1969 నుంచి అది అదనపు అమరికగా మారినందున సంఖ్యను బట్టి తేల్చడం సాధ్యం కాదు. ఫోర్డు పద్ధతి ఇందుకు భిన్నం. 1965 ముస్టాంగ్ సంఖ్యలో అయిదవ అక్షరమే ఇంజనును చెబుతుంది. అది కె అయితే 271 అశ్వశక్తి గల 289 ఇంజను, సి అయితే రెండు గొట్టాల కార్బురేటరు గల సాధారణ 289 ఇంజను. 1970 ప్లిమత్ కార్లలోనూ అయిదవ స్థానంలో ఆర్ ఉంటేనే అది హెమీ ఇంజనుతో పుట్టిన బండి.

పోత తేదీ, కూర్పు తేదీ, బండి తేదీ

విడిభాగం సరైనదా కాదా అని తేల్చడంలో కీలకమైనది తేదీల వరుస. షెవర్లే ఇంజను బ్లాకుపై పోత పోసిన తేదీ ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటుంది. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, ఇలా ఎల్ అంటే డిసెంబరు. సి109 అని ఉంటే మార్చి 10వ తేదీ, 9తో ముగిసే సంవత్సరం అని అర్థం. అది 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు. అందుచేత పోత సంఖ్యను కూడా కలిపి చదవాలి.

ఇంజను ముందువైపున, ప్రయాణికుని పక్క సిలిండర్ హెడ్డుకు ఎదుట, చదునైన చోట మరొక సంఖ్య చెక్కి ఉంటుంది. వి0312డిజెడ్ అంటే ఫ్లింట్ కర్మాగారంలో మార్చి 12న కూర్చిన ఇంజను. చివరి డిజెడ్ 1969 జెడ్ 28 కమారోకు కేటాయించిన గుర్తు. ఇక కారు లోపల, ఇంజను గదికి వెనుకనున్న ఇనుప గోడపై బిగించిన చిన్న రేకు పలక, కారు దేహం తయారైన నెలను, వారాన్ని, రంగును, సీట్ల గుడ్డను తెలుపుతుంది. 03డి అంటే మార్చి నాలుగవ వారం.

మొదట పోత, తరువాత ఇంజను కూర్పు, ఆ తరువాత కారు తయారీ. ఈ వరుస తప్పితే ఆ భాగం ఆ బండిది కాదు. మార్చిలో తయారైన కారుకు మే నెలలో పోత పోసిన ఇంజను ఉండటం అసంభవం. బిడ్డకంటే తల్లి చిన్నది కాజాలదు కదా! 1968 నుంచి జనరల్ మోటార్స్ కారు సంఖ్యలోని కొంత భాగాన్ని ఇంజనుపై, గేరు పెట్టెపై కూడా చెక్కింది. ఇది సరిపోలితేనే ఇంజను ఆ కారుతో పుట్టినదని నిర్ధారణ అవుతుంది.

పోత సంఖ్య ఒక్కటే చాలదు. 3970010 అనే సంఖ్య గల బ్లాకు 1969 తర్వాత అనేక సంవత్సరాల పాటు, అనేక రకాల షెవర్లే కార్లలోనూ ట్రక్కులలోనూ వాడబడింది. ఆ సంఖ్యను చూపించి అరుదైన ఇంజనని చెప్పేవారిని నమ్మరాదు.

ఫోర్డు భాగాల లిపి

ఫోర్డు భాగాలపై ఉండే గుర్తులను చదవడం ఒకసారి నేర్చితే మరువరాదు. సి5ఏఈ-6015 అనేది తీసుకుంటే, సి అంటే 1960ల దశకం, 5 అంటే 1965, ఏ అంటే పెద్ద సైజు ఫోర్డు కారు, ఈ అంటే ఇంజను విభాగం రూపకల్పన. 6015 అంటే ఇంజను బ్లాకు. 9510 అంటే కార్బురేటరు, 12127 అంటే డిస్ట్రిబ్యూటరు. బి 1950లకు, డి 1970లకు గుర్తు. మూడవ స్థానంలో జెడ్ ఉంటే అది ముస్టాంగ్ కోసం మొదట రూపొందినది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. భాగంపై పోతలో ఉండే సంఖ్య రూపకల్పన విభాగానిది. డబ్బాపై అచ్చయ్యే సంఖ్య అమ్మకాల విభాగానిది. రెండూ వేరుగా ఉన్నంత మాత్రాన భాగం తప్పనుకోరాదు.

నకిలీ ముద్రలు, అసలు పత్రాలు

ధర పెరిగిన కొద్దీ సంఖ్యలను గీకి మళ్లీ కొట్టేవారు పుట్టుకొచ్చారు. కర్మాగారపు యంత్రం బ్లాకు చదునును కోసినప్పుడు సన్నని సమాంతర రేఖలు మిగులుతాయి. అంకెలున్న చోట ఆ రేఖలు లేక నున్నగా ఉంటే అనుమానించాలి. అయితే ఇంజను మరమ్మతులో ఆ చదునును మళ్లీ కోయడం కూడా ఉన్నది గనుక, ఒక్క గుర్తును బట్టి తీర్పు చెప్పరాదు.

పత్రాలు ఇక్కడ ఆదుకుంటాయి. క్రైస్లర్ కార్లలో కూర్పు వివరాల కాగితం వెనుక సీటు స్ప్రింగుల మధ్య తరచుగా దొరుకుతుంది. పాత సీటును ఊడదీసి గుజిరీకి వేసేముందు దాని లోపల వెదకడం అవసరం. 1967 నుంచి వచ్చిన ఫోర్డు కార్లకు కంపెనీ రికార్డుల ఆధారంగా మార్టీ నివేదికలు లభిస్తాయి. పాంటియాక్ కార్లకు పి.హెచ్.ఎస్. సంస్థ నకళ్లు ఇస్తుంది. షెవర్లే కార్లలో చాలావాటికి ఇటువంటి రికార్డులు లేనందునే అంకెల పరిశీలనకు అంత ప్రాధాన్యం.

భాగం దొరకనప్పుడు దారులు

మొదటిది, ఆనాడే తయారై వాడకుండా మిగిలిన సరుకు. అన్నింటికంటే ఖరీదు ఎక్కువ. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలైతే డబ్బా తెరవకున్నా కాలం వాటిని పాడుచేసి ఉండవచ్చు. రెండవది, మరో బండి నుంచి తీసిన అసలు భాగం. ఏ మోడల్ భాగం ఏ మోడల్‌కు సరిపోతుందో చెప్పే హాలండర్ గ్రంథాలు 1934 నుంచి వెలువడుతున్నాయి. మూడవది, ఉన్న పాత భాగాన్నే బాగుచేయించడం. నాలుగవది, కొత్తగా చేసిన నమూనా భాగం. 1969 కమారో వంటివాటికి ఇప్పుడు మొత్తం దేహమే కొత్తగా దొరుకుతుంది. కనిపించే భాగాలలో అసలును నిలిపి, అరిగిపోయే భాగాలలో కొత్తవి వాడటం మధ్యేమార్గం.

ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం పట్టుదల తగదు. 1967కు పూర్వపు అమెరికా కార్లలో చాలావాటికి నాలుగు చక్రాల బ్రేకుకూ ఒకే ద్రవమార్గం ఉండేది. ఒక గొట్టం పగిలితే బ్రేకు మొత్తం పోయినట్లే. రెండు మార్గాల మాస్టర్ సిలిండరు అమర్చి, పాతదానిని భద్రపరచడం వివేకం. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను తింటుంది గనుక వాటినీ మార్చవలసిందే.

మన దేశంలోని బండ్లు

బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ సంస్థ 1947 నుంచి క్రైస్లర్ కంపెనీ కార్లను కూర్చింది. డాడ్జ్ కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ అనే ఎగుమతి కార్లు నిజానికి ప్లిమత్ దేహంతో వచ్చినవే. కనుక అమెరికాలో వాటి భాగాలకు ప్లిమత్ పేరుతో వెదకాలి. అయితే కుడివైపు స్టీరింగు కారణంగా డాష్‌బోర్డు, స్టీరింగు భాగాలు అక్కడివి సరిపోవు. 1955 వరకు ఆ కార్లకు ఆరు వోల్టుల బ్యాటరీ. పైగా పాజిటివ్ తీగ బాడీకి కలిసి ఉంటుంది. ఈ సంగతి తెలియక తీగలను తారుమారు చేస్తే విద్యుత్ పరికరాలు పాడవుతాయి. ఇంజనుపై పి15 అని మొదలైతే అది 1946–48 కాలపు ప్లిమత్ ఇంజను.

తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు కుటుంబీకుల కార్ల ప్రదర్శనశాల కోయంబత్తూరులో ఉన్నది. పాత బండ్ల తీరుతెన్నులు కళ్లారా చూడగోరేవారికి అది దగ్గరి దారి.

2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ హోదా కల్పించింది. వాటి నంబరులో వి.ఏ. అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ఛాసిస్‌లో, దేహంలో, ఇంజనులో గణనీయమైన మార్పులు చేయని బండికే ఈ హోదా. దానిని రోజువారీ ప్రయాణానికి, బాడుగకు వాడరాదు.

కావున తాతల నాటి బండి కొట్టంలో ఉన్నవారు డీజిల్ ఇంజను బిగించాలనుకునే ముందు ఒకసారి ఆలోచించాలి. తుప్పు గీకేముందు అంకెలన్నింటినీ ఫోటో తీయాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంతో సరిచూడాలి. ఊడదీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. పాత ఇనుము కొనేవాడికి అది తూకం సరుకు. ఆ బండికి మాత్రం అది మళ్లీ దొరకని సాక్ష్యం.