వంగిన మోకాలి బలము

విశ్వనాథ నాయకుని వంశము మధురను ఏలిన కాలమునకు అటునిటుగా తెలుగునాడు విడిచి దక్షిణమునకు తరలి, మధుర, కోయంబత్తూరు సీమల పల్లెలందు స్థిరపడి, నేటికిని ఇంట తెలుగు మాటాడుకొను కంబళత్తు నాయకుల దేవరాట్టమను నృత్యమును చూచినవారికి, పాట యన్నది లేక ఉరుమి యను డోలు మ్రోతకే కట్టుబడి, కాళ్ల గజ్జెలతో, చేతి రుమాళ్లతో మగవారు వేయు అడుగులందు ఒక విశేషము కంటబడును: మోకాలు బిగిసి నిలుచుట అరుదు. ఒకినావాలో పెరిగి, 1922లో గురువు ఫునకోషి గిచిన్ టోక్యోలో ప్రదర్శించిన కరాటే విద్యయందును నిలుకడలకు ప్రాణము మోకాలి వంపే. ఈ రెండింటికిని చుట్టరికము కలదని నేననను. దేహధర్మము రెంటను ఒక్కటియే.

నిలిచినవాని గురుత్వకేంద్రము బొడ్డుకు కొంచెము దిగువగా, కటిభాగమున నుండును. అక్కడినుండి దించిన లంబరేఖ పాదముల నడిమి ఆధారక్షేత్రము దాటనంతవరకు మనిషి పడడు. కావుననే కరాటేలోని కిబా-దాచి యను నిలుకడయందు పాదములను ఎడముగా నుంచి, తొడలు వంచి, ఆ కేంద్రమును క్రిందికి దించుదురు. జెన్‌కుత్సు-దాచియందు ముందుకాలు బరువులో సగమునకు పైగా మోయగా, వెనుకకాలు నేలను వెనుకకు నెట్టును. నేల చూపు ప్రతిచర్య కటిద్వారా పిడికిటికి చేరును. నేల జారుడైనచో ఘర్షణ చాలక ఆ బలము వ్యర్థమగును.

అయితే ఈ స్థిరత్వము ఊరక రాదు. 60 కిలోల మనిషి రెండు కాళ్లపై సమముగా వంగినప్పుడు ఒక్కొక్క కాలిపై 30 కిలోలు పడును. ఆ భారరేఖ మోకాలికి 20 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. తొడ ముందరి కండరము మోకాలిచిప్ప మీదుగా లాగుటకు చిక్కు ఎడము నాలుగైదు సెంటీమీటర్లే. లెక్క కట్టినచో ఆ కండరము 120 కిలోలకు తక్కువ కాని బరువునకు సమానముగా లాగవలెను! తొడలు వణకుట దౌర్బల్యము కాదు, గణితము.

మరియొక వెల చలనము. కాలెత్తుటకు ముందు బరువంతయు రెండవ పాదముపైకి జరుగవలెను. పాదముల ఎడము పెరిగినకొలది అందుకు హెచ్చు వ్యవధి పట్టును. ఉరుమి మరుదెబ్బ ఆగదు గనుక దేవరాట్టకానికి ఆ వ్యవధి దొరకదు. అతడు పాదములను దగ్గరగా నుంచి, మోకాలు కొద్దిగా వంచి యుండుటచే, నిటారుగా నిలిచినవాడు నెట్టుటకు ముందు చేయవలసిన వంపు అతనికి సిద్ధముగా నుండును; సాగిన పిక్క కండరమును, మడమ వెనుకటి స్నాయువును దాచిన శక్తిలో కొంత మరుక్షణమే తిరిగి యిచ్చును. నిలుకడ లోతే నేర్పనుకొను కరాటే బాలురు ఈ అడుగును చూడవలెనని నా అభిప్రాయము.

మధుర, కోయంబత్తూరులందు భౌతికశాస్త్రము చదువు తెలుగు బిడ్డలారా, మీ యింటి పెద్దల అడుగులను చిత్రించి, మోకాలి కోణములను కొలిచి ప్రకటింపుడు.