రైలు పోయిన దారిలో సైకిలు

"నీకు సైకిలొచ్చుగా అక్కా?" అని మా చెల్లెలు అడిగినప్పుడు నేను పాప గుడ్డలు మడతపెడుతున్నాను. వచ్చన్నాను. ఆఖరిసారి తొక్కి పాతికేళ్ళయిందని మాత్రం చెప్పలేదు.

2024లో చెల్లెలి కాన్పుకి అమ్మ బదులు నేను ఇంగ్లండు వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, విమానంలో అంతసేపు కూర్చోలేదు. చెల్లెలు వుండేది బ్రిస్టల్‌లో. ఆగస్టు వచ్చేసరికి పాపకి నాలుగో నెల నిండింది. చెల్లెలు మాత్రం గడప దాటడం లేదు. పుట్టింట్లో గలగలలాడిన పిల్ల, రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. కారు నేర్చుకోమంటే భయం. బస్సెక్కమంటే బద్ధకం. అలాంటిది తనంతట తనే "బాత్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళొద్దామా?" అంటే కాదని ఎలా అనను?

"ఎంత దూరమే?"

"పదమూడు మైళ్ళు."

అంటే 21 కిలోమీటర్లు! లారీలూ, బస్సులూ అని నేను నసుగుతుంటే నవ్వింది. "ఒక్క మోటారు బండి కూడా వుండదక్కా. అది రైలు దారి. రైళ్ళు లేని రైలు దారి" అంది. అది నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఆ దారి కథ వినండి. బ్రిస్టల్ నుంచి బాత్‌కి ఒకప్పుడు రెండు రైలు మార్గాలుండేవి. 1963లో బీచింగ్ అనే పెద్దమనిషి బ్రిటిష్ రైల్వేల నష్టాలు లెక్కగట్టి, రెండు వేలకు పైగా స్టేషన్లు మూసెయ్యమని నివేదిక ఇచ్చాడు. ఆ రోజుల్లో దేశమంతా ఎన్నో లైన్లు మూతపడ్డాయి. ఇక్కడి రెండో లైను మీద 1966లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. తర్వాత సామాన్ల రైళ్ళూ పోయాయి. పట్టాలు పీకేశారు. మిగిలింది ముళ్ళకంపలు మొలిచిన కట్ట.

1977లో బ్రిస్టల్‌లో సైకిళ్ళ వాళ్ళు కొందరు సైకిల్‌బ్యాగ్ అనే సంఘం పెట్టారు. రోడ్ల మీద కార్లతో వేగలేక, ఈ కట్ట మీద దారి వేసుకుంటామన్నారు. 1979లో స్వచ్ఛందంగా వచ్చిన జనం పారలు పట్టుకుని బాత్ వైపు నుంచి మొదలుపెట్టారు. 1986కి దారి పూర్తయింది. ఆ సంఘమే సస్ట్రాన్స్ అనే పెద్ద సంస్థగా ఎదిగి, 1995లో లాటరీ నిధి సొమ్ముతో దేశమంతటా సైకిలు దారుల అల్లిక మొదలుపెట్టింది.

రైలు కట్టే ఎందుకంటారా? ఆవిరి ఇంజనుకి ఎత్తు ఎక్కడం చేతకాదు. అందుకని గుట్ట వస్తే తొలిచేవారు, పల్లం వస్తే మట్టి పోసి లేపేవారు, ఏరు వస్తే వంతెన కట్టేవారు. నూట యాభై ఏళ్ళ కిందట రైలు కోసం పడిన ఆ పాట్లన్నీ ఇప్పుడు సైకిలు తొక్కే వాళ్ళ మోకాళ్ళకి పుణ్యమయ్యాయి. ఆ ప్రాంతమంతా ఎగుడు దిగుడే. ఆ దారి మాత్రం అరచెయ్యిలా వుంటుంది.

నాకు సైకిలొచ్చింది కూడా రైలు లేని రైలు కట్ట మీదే అని అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారి వూరు ద్రాక్షారామం పక్కన. కాకినాడ నుంచి కోటిపల్లికి బ్రిటిష్ వాళ్ళు వేసిన రైలు పట్టాలని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకి పట్టుకుపోయారు. "ఇనుం యుద్ధానికి కావాలన్నార్టే" అనేది అమ్మమ్మ. 1990ల చివర్లో మేం సెలవులకి వెళ్ళినప్పుడు ఆ కట్ట మీద గడ్డి, గేదెలు, మేమూ! మావయ్య సైకిలు కమ్మీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. సైకిలు జోలికి వెళ్ళొద్దన్నారు. ఎవరూ కోప్పడలేదు, కొట్టలేదు. బడికి ఆటో మాట్లాడారు, అంతే. నాకు అప్పుడు పెద్ద బాధ అనిపించలేదు కూడా. ఆటోలో స్నేహితురాళ్ళుండేవారు.

ఇంతకీ ఆ రోజు పాపని మరిదికి అప్పజెప్పి, పులిహోర డబ్బాలో పెట్టుకుని, అద్దె సైకిళ్ళ మీద బయల్దేరాం. మొదటి మైలు నాకు నరకం. హేండిల్ నా మాట వినదు. ఎదురుగా ఎవరొచ్చినా కాళ్ళు కింద పెట్టేసేదాన్ని. దారి మూడు మీటర్ల వెడల్పు. నడిచే వాళ్ళు, కుక్కల్ని తిప్పే వాళ్ళు, తోపుడు బండిలో పిల్లల్ని తోసుకెళ్ళే తల్లులు, అందరిదీ అదే దారి. ఎడమవైపు వుండాలి, వెనక నుంచి వస్తే గంట కొట్టాలి. నేను గంట కొట్టడానికి చెయ్యి తీస్తే సైకిలు పొదలోకి పోయేది.

ఫిష్‌పాండ్స్ దగ్గర ముక్కు మీద నిలబడ్డ పెద్ద చేప బొమ్మ వుంది. అది దాటాక స్టేపుల్ హిల్ సొరంగం. దాదాపు అర కిలోమీటరు. లోపల దీపాలున్నా చల్లగా, పై నుంచి నీటి చుక్కలు పడుతూ... చెల్లెలు లోపలికి వెళ్ళగానే "అక్కా..." అని పెద్దగా అరిచింది. సొరంగమంతా అక్కా అక్కా అంది. ఎవరైనా ఏమనుకుంటారే అన్నాను గానీ, ఆ గొంతు విని నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడి దాకా దారి కనపడకుండా ఎత్తెక్కుతుంది. మాంగట్స్‌ఫీల్డ్ పాత స్టేషన్ గోడలూ, ప్లాట్‌ఫారాలూ అలాగే వున్నాయి. అది దాటాక చాలా దూరం వాలే. తొక్కక్కరలేదు, కూర్చుంటే చాలు. బిట్టన్‌లో పాత స్టేషన్ని, కాస్త దూరం పట్టాల్ని రైలు అభిమానులు కాపాడుకుని పొగ బండి నడుపుతున్నారు. అక్కడ టీ తాగాం. (నీళ్ళలో సంచీ ముంచి ఇచ్చే ఆ టీ సంగతి మనం మాట్లాడుకోకపోవడమే మేలు.) బిట్టన్ దాటాక అసలైన పల్లెటూళ్ళు. గొర్రెలు, గోధుమ రంగు చేలు, కట్టకి రెండువైపులా ముళ్ళ తీగల నిండా నల్లటి బ్లాక్‌బెర్రీలు. ఎవరైనా కోసుకోవచ్చట. ఏవన్ నది ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అడ్డొస్తుంది. ప్రతిసారీ వంతెన, కింద పడవలు, బాతులు.

రెండు గంటల్లో తొక్కేసే దూరం మాకు నాలుగున్నర గంటలు పట్టింది. తిరుగు ప్రయాణం రైల్లో. సైకిళ్ళు కూడా రైలెక్కించాం.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "బాలింతని సైకిలెక్కిస్తావుటే? పెద్దదానివి, నీకైనా బుద్ధుండక్కర్లా?" డాక్టరు సరేనందని చెప్పినా వినలేదు. చెల్లెలు మాత్రం ఆ వారం నుంచి రోజూ పొద్దున్న గంటసేపు సైకిలు మీద వెళ్ళొచ్చేది. కారు లైసెన్సు కోసం పాఠాలు వినే వాళ్ళతో పోలిస్తే ఇది సులువు కదా!

కానీ ఒక్క మాట దాచకుండా చెప్పాలి. బళ్ళు లేని దారి అంటే జనం లేని దారి కూడా. పొద్దున్న కుక్కల వాళ్ళూ, బడి పిల్లలూ వున్నప్పుడు ఫర్వాలేదు. చీకటి పడ్డాక చెల్లెలు ఒక్కతే వెళ్ళదు. "లారీకి భయపడక్కర్లేదు, మనిషికి భయపడాలి" అంటుంది. ఇంజనీర్లకి ఈ లెక్క ఆలస్యంగా తడుతుంది కాబోలు. ఇంకోటి. పేరుకి సైకిలు దారి అని బోర్డు పెట్టి, సగం దారి కార్ల రోడ్డు మీద తిప్పేవి ఆ దేశంలోనూ వున్నాయి. 2020లో ఆ సంస్థే తన దారుల్లో దాదాపు నాలుగో వంతుని, పిల్లలకి క్షేమం కాదని, జాబితాలోంచి తీసేసింది. తప్పు ఒప్పుకోవడం నాకు నచ్చింది.

సైకిలు, ఆడవాళ్ళు అంటే మన పక్కనే పుదుక్కోట్టై వుంది. 1991లో అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకి సైకిలు నేర్పించారు. వేలమంది నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అదే మేలన్నారట. వాళ్ళది షికారు కాదు, నీళ్ళకీ, కూలికీ, బడికీ వెళ్ళే అవసరం. మాదేమో షికారు. రెండూ ఒకటని నేననను. కానీ షికారు కూడా ఆడదానికి అవసరమే అని నా అభిప్రాయం.

మా కోటిపల్లి కట్ట మీద 2004లో మళ్ళీ రైలు నడిచింది. అది రైలుకే దక్కడం న్యాయం. సైకిలు కోసం రైలు పోవాలని నేను కోరుకోను. మనకి కాలవ గట్లున్నాయి. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక డెల్టా అంతా కాలవలు పారాయి. రైలులాగే నీళ్ళు కూడా ఎత్తెక్కవు. అందుకే గట్టు కూడా అరచెయ్యే! చాలాచోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు, బైకులూ ఆటోలూ. రెండో గట్టు మీద కొబ్బరి చెట్లు, మట్టి దారి. ఆ రెండో గట్టు బాగు చేసి, మోటారు బళ్ళు ఎక్కకుండా రెండు రాళ్ళు పాతితే ఎంత ఖర్చవుతుంది? బడి పిల్లలూ, నాలాంటి వాళ్ళూ తొక్కుకోరా?

తొక్కాలనుకుంటే చెయిన్‌కి కవరున్న సైకిలు చూసుకోండి. చున్నీ నడుముకి కట్టుకోండి. సీటు మరీ కిందకి దించితే మోకాళ్ళు పట్టేస్తాయి. మొదటిరోజే అయిదు కిలోమీటర్లు దాటకండి. నేను దాటాను, మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను.

మొన్న అమ్మమ్మగారి వూరెళ్ళినప్పుడు మావయ్య మనవరాలి సైకిలు తీసుకుని తెల్లారకుండా కాలవ గట్టెక్కాను. వంతెన దగ్గర పాలవాడు ఆగి, ఎగాదిగా చూసి, "ఏమ్మా, ఆటో దొరకలేదా?" అన్నాడు పాపం.

"దొరికింది బాబూ" అన్నాను, తొక్కుతూనే.