బోర్డు మీద ఏముందో కెర్నెల్‌కు చెప్పే పత్రం

యూఎస్‌బీ పరికరాన్ని తగిలించగానే అది తానేమిటో తానే చెప్పుకుంటుంది గనుక ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందస్తు సమాచారం అక్కర్లేదు. కానీ రౌటరులోనో సెట్‌టాప్ బాక్సులోనో ఉండే ఎంబెడెడ్ బోర్డు మీద, ఐ2సీ అనే రెండు తీగల బస్సుకు కలిపిన చిన్న చిప్‌లకు ఆ నేర్పు లేదు. ఏ చిప్ ఏ చిరునామాలో ఉందో, దాని ఇంటరప్ట్ సంకేతం, అంటే తనను పట్టించుకోమనే పిలుపు, ప్రాసెసరుకు ఏ పిన్ మీదుగా చేరుతుందో లినక్స్ కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే భాగానికి, ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. ఆ రాతకే డివైస్ ట్రీ అని పేరు.

దీని మూలం 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణమైన ఐఈఈఈ 1275లో ఉంది. ఆర్మ్ ప్రాసెసర్ల విషయంలో మాత్రం చాలాకాలం బోర్డుల వివరాలు సీ భాషా ఫైళ్లుగా కెర్నెల్‌లోనే పేరుకుపోయాయి. 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళంపై బాహాటంగా విసుక్కున్నాక, ఆర్మ్ విభాగమూ డివైస్ ట్రీ వైపు మళ్లింది.

వివరణ కెర్నెల్ నుంచి విడిపోవడంతో దాని సమీక్షకు బరువు పెరిగింది. డ్రైవరులో, అంటే పరికరాన్ని నడిపే కెర్నెల్ కోడ్‌లో, దొర్లిన తప్పును తరువాతి విడుదలలో దిద్దవచ్చు; డివైస్ ట్రీ ఫర్మ్‌వేర్‌లో చేరి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు, పాత ట్రీతో కొత్త కెర్నెల్ కూడా నడవాలన్నది నియమం గనుక, ఒకసారి ఆమోదించిన ప్రాపర్టీని, అంటే పరికరపు లక్షణాన్ని చెప్పే పద్దును, వెనక్కు తీసుకోవడం చాలా కష్టం. అందుకే రాసినది హార్డ్‌వేర్‌ను వర్ణిస్తోందా, సాఫ్ట్‌వేర్ కోరికను వెలిబుచ్చుతోందా అన్నదే సమీక్షకులు ముందుగా చూస్తారు. సెన్సారును పది సెకన్లకోసారి చదవాలనడం కోరిక. దానికి ట్రీలో చోటు లేదు.

డీఎస్3231 అనే గడియారపు చిప్‌ను చేర్చే ప్యాచ్‌ను, అంటే సమీక్షకు పంపే మార్పును, గమనిస్తే పని తీరు తెలుస్తుంది. ఈ చిప్ చిరునామా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, 68గా తయారీలోనే స్థిరపడింది. రాసేవారు ముందుండాల్సిన సున్నా-ఎక్స్ గుర్తు మరచి ఉత్త 68 అని రాస్తే, డివైస్ ట్రీని అనువదించే డీటీసీ కంపైలరు దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది, హెక్సాడెసిమల్‌లో అది 44 అవుతుంది, ఆ చిప్ వివరాలుండే నోడ్ పేరులోని 68తో పొసగక హెచ్చరిక వస్తుంది. ఇటువంటి రూపదోషాలను పట్టడానికి బైండింగులు, అంటే ఏ పరికరానికి ఏ ప్రాపర్టీలు ఉండాలో యామల్ రూపంలో చెప్పే నిబంధనలు, తోడయ్యాయి. అయితే అదే బస్సు మీద ఎంపీయూ-6050 చలన సెన్సారు కూడా ఉంటే యంత్రం తనిఖీ చాలదు: దాని చిరునామా దాని ఏడీ0 పిన్ తక్కువ వోల్టేజీలో ఉంటే 68, ఎక్కువ వోల్టేజీలో ఉంటే 69. ప్యాచ్‌లోని 69 నిజమో కాదో బోర్డు స్కీమాటిక్, అంటే చిప్‌ల మధ్య కలయికలు చూపే పటం, విప్పితే గాని తేలదు.

బ్యాటరీ సంగతి ఇంకా సున్నితం. గడియారపు చిప్‌లలో కొన్ని తమ బ్యాకప్ బ్యాటరీని స్వయంగా ఛార్జ్ చేయగలవు గనుక, ఆ బ్యాటరీ ఛార్జింగ్‌కు పనికివస్తుందో లేదో చెప్పే ప్రాపర్టీ ఒకటి ఉంది. విలువ 0 లేదా 1. సీఆర్2032, ఎల్ఐఆర్2032 బిళ్లలు కొలతల్లో ఒక్కటే, ఒకే గూటిలో ఇముడుతాయి. మొదటిదాన్ని ఛార్జ్ చేస్తే ఉబ్బి, పగిలే ప్రమాదం ఉంది, రెండోది ఛార్జింగ్ కోసమే చేసినది. బైండింగు తనిఖీకి మాత్రం రెండు విలువలూ సమ్మతమే.